న్యూరోటెక్నాలజీలో పరిశోధన: ముందు ఎం.ఎస్. మేలా, నేరుగా పీహెచ్‌డీ మేలా?

తిరుపతి చుట్టుపక్కల కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ చదివి, చివరి ఏడాది ప్రాజెక్టుగా ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్‌లు పెట్టి నమోదు చేసే మెదడు విద్యుత్ సంకేతాల మీద ఏదో ఒకటి చేసి, ఆ రుచి మరిగి న్యూరోటెక్నాలజీలోనే, అంటే మెదడు, నరాల సంకేతాలతో పనిచేసే పరికరాల రంగంలోనే పరిశోధన చేస్తామని వచ్చే విద్యార్థులు ఏటా ఇద్దరు ముగ్గురైనా నా దగ్గర కూర్చుంటారు. వారు అడిగేది ఒకటే: ముందు ఎం.ఎస్. రిసెర్చ్ చేయాలా, అవకాశం వస్తే నేరుగా పీహెచ్‌డీలో చేరిపోవాలా? దాని వెనక వారికి తట్టని ప్రశ్న ఇంకొకటి ఉంది. చేరేది ఇంజనీరింగ్ సంస్థలోనా, ఆసుపత్రి ఉన్న సంస్థలోనా అన్నది. నా మటుకు ఈ రెండోదే బరువైన ప్రశ్న.

ముందుగా డిగ్రీ సంగతి. ఎం.ఎస్. రిసెర్చ్ అంటే కొన్ని కోర్సులు, ఆపైన ఒక థీసిస్. సాధారణంగా రెండు మూడేళ్ళలో ముగుస్తుంది. 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడులో స్థిరపడిన తిరుపతి ఐఐటీలోనూ, మద్రాసు ఐఐటీలోనూ ఈ డిగ్రీ ఉంది. చేరడానికి సాధారణ మార్గం గేట్ పరీక్ష. ఆ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, 2020 నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్‌కు ప్రత్యేకంగా ఒక పేపరు కూడా ఉంది. ఇక నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఐఐటీలకు మాత్రం ఎవరి షరతులు వారికున్నాయి.

డబ్బు లెక్క చూస్తే పీహెచ్‌డీదే పైచేయి. ఎం.ఎస్. విద్యార్థికి నెలకు 12,400 రూపాయలు వస్తే, పీహెచ్‌డీలో చేరినవారికి 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు 37,000, ఆ తరువాత 42,000 అందుతుంది. ఇంట్లో తమ్ముడి ఫీజు కట్టవలసిన పిల్లవాడికి ఈ తేడా చిన్నది కాదు. దాన్ని చిన్నచూపు చూసే సలహా నేను ఇవ్వను.

అయినా బీటెక్ ముగించి నేరుగా వచ్చిన విద్యార్థికి నేను ఎం.ఎస్. వైపే చూడమంటాను. పీహెచ్‌డీలో ప్రశ్న తనదై ఉండాలి, నాలుగైదేళ్ళు దాన్నే అంటిపెట్టుకుని ఉండాలి. ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చినవారికి ఫిల్టరు ఎలా కట్టాలో తెలుసు గానీ, మూర్ఛ రోగి ఈఈజీలో డాక్టరు దేనికోసం వెతుకుతాడో తెలియదు. ఆ స్థితిలో ఎంచుకున్న ప్రశ్న రెండో ఏడాదికల్లా పేలవంగా కనిపించడం సహజం. అప్పుడు మానుకుంటే చాలాచోట్ల చేతికి ఏ పట్టా రాదు, సాగిస్తే మనసొప్పదు. ఎం.ఎస్.లో ప్రశ్న చిన్నది, తరచుగా గైడ్ ఇచ్చిందే. అది కుదరకపోయినా పని నేర్చుకున్నట్టే ఉంటుంది, నచ్చితే కొన్ని సంస్థల్లో దాన్నే పీహెచ్‌డీగా మార్చుకునే వీలూ ఉంది.

ఆ పని నేర్చుకోవడమంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. గుండె నుంచి వచ్చే ఈసీజీ సంకేతం మిల్లీవోల్టుల్లో ఉంటే, నెత్తి మీద పెట్టిన ఎలక్ట్రోడ్‌కు అందే మెదడు సంకేతం మైక్రోవోల్టుల్లోనే, అదీ కొన్ని పదులు మాత్రమే ఉంటుంది. గదిలోని కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద దాన్ని తేలికగా ముంచేస్తుంది. రెప్ప వేసినా, దవడ బిగించినా గీత చెదిరిపోతుంది. తలకు కొబ్బరి నూనె రాసుకుని వచ్చిన మనిషికి ఎలక్ట్రోడ్ సరిగా అంటుకోదు కనుక ముందు రోజే తలంటుకుని రమ్మని చెప్పాలి. (ఈ విషయంలో మన ఊరికి ఒక సౌకర్యం ఉంది: కొండ మీద కల్యాణకట్టకు వెళ్ళివచ్చిన స్నేహితుడు దొరికిన రోజు మా ల్యాబులో రికార్డింగు ఇట్టే అయిపోయేది.) 1924లో జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ మొట్టమొదటిసారి మనిషి ఈఈజీని నమోదు చేశాడు. కళ్ళు మూసుకోగానే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాన్ని, తాను అమర్చిన ఎలక్ట్రోడ్‌లలోనే ఒక్కసారైనా చూడని విద్యార్థి ఈ రంగంలో అడుగుపెట్టాడని నేను ఒప్పుకోను.

కటువుగా అన్నానేమో గానీ, దానికి కారణం ఉంది. చేయి కదిలించినట్టు ఊహించుకున్నప్పుడు మెదడులో వచ్చే మార్పును పట్టుకునే ప్రాజెక్టుల్లో ఎన్నో 2008 నాటి బీసీఐ (మెదడు సంకేతాలతో కంప్యూటరును నడిపే పద్ధతి) పోటీలో విడుదల చేసిన ఒక డేటాసెట్ మీదే నడుస్తున్నాయి. అందులో ఉన్నది తొమ్మిది మంది, 22 ఈఈజీ ఎలక్ట్రోడ్‌లు. ఆ తొమ్మిది మంది మీద ఖచ్చితత్వాన్ని మరో ఒక శాతం పెంచిన ప్రోగ్రాము, పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయిన పెద్దాయన దగ్గరకు తీసుకెళితే పనిచేస్తుందన్న హామీ ఏమీ లేదు. ఆయన మెదడులో దెబ్బతిన్న చోటు వేరు, పది నిమిషాలకే అలసట, మందుల మత్తు. మొదలుపెట్టడానికి ఆ డేటాసెట్ మంచిదే. థీసిస్ అంతా దానితోనే నడిపించడం మాత్రం నాకు నచ్చదు.

అందుకే సంస్థ ఎంపిక డిగ్రీ ఎంపిక కంటే ముఖ్యమైనది. చిత్తూరు వాళ్ళకు పెద్ద జబ్బు అంటే వేలూరు; భారతదేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో జేకబ్ చాందీ మొదలుపెట్టింది అక్కడి సీఎంసీ ఆసుపత్రిలోనే. మద్రాసు ఐఐటీ, వేలూరు సీఎంసీ, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్ నడుపుతున్నాయి, పరిశోధన డిగ్రీ కాకపోయినా వార్డులో నిలబడి పరికరాన్ని చూడాలనుకునేవారికి అది మంచి మెట్టు. మెదడు, మానసిక వ్యాధుల ఆసుపత్రి అయిన బెంగుళూరు నిమ్హాన్స్‌లో రోగులకు, న్యూరాలజిస్టులకు కొదవ లేదు. అయితే ఆసుపత్రి సంస్థలో ఇంజనీరు ఒంటరి అయ్యే ప్రమాదం ఉంది: సర్క్యూటులో తప్పు దొరకక కూర్చున్నప్పుడు పక్క టేబులు మీద అడగడానికి మనిషి ఉండడు. ఇంజనీరింగ్ సంస్థలో ఆ మనిషి ఉంటాడు, రోగి ఉండడు.

ఏర్పేడు ఐఐటీలో చేరేవారికి తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి అంత దూరమేమీ కాదు, బస్సు దొరికితే గంట ప్రయాణం. కానీ బస్సు కంటే ముందు దాటవలసింది, పరిశోధనలో రోగికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీని. రోగుల మీద చేసే ఏ అధ్యయనానికైనా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి, రోగికి అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం ఉండాలి. అది చికిత్సా ప్రయోగమైతే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో, అంటే దేశంలోని చికిత్సా ప్రయోగాల రిజిస్ట్రీలో నమోదు చేయాలి. నేను చూసిన ఒక విద్యార్థికి తెలుగు అంగీకార పత్రాన్ని మూడుసార్లు తిరగరాయడంలోనే సెమిస్టరు గడిచిపోయింది. రెండేళ్ళ ఎం.ఎస్.లో ఇది పెద్ద దెబ్బ. ఐదేళ్ళ పీహెచ్‌డీ దాన్ని తట్టుకోగలదు. నేను నేరుగా పీహెచ్‌డీ వైపు మొగ్గేది ఈ ఒక్క చోటే, అదీ ఫిజియోథెరపీ, వైద్యం, మనస్తత్వశాస్త్రం వంటి నేపథ్యంతో వచ్చి, ఏ రోగి కోసం ఏ ప్రశ్న వేస్తున్నారో ముందే తెలిసినవారి విషయంలో.

మిగిలినవారికి ఆసుపత్రి నుంచి కో-గైడ్ (రెండో గైడ్) ఉన్న ఇంజనీరింగ్ ల్యాబులో ఎం.ఎస్. మేలని నా అభిప్రాయం. కో-గైడ్ పేరు కాగితం మీద ఉంటే సరిపోదు. ఇంటర్వ్యూ ముగిశాక ఆ ల్యాబులోని సీనియర్‌ను పక్కకు పిలిచి, ఎథిక్స్ అనుమతి ఇప్పటికే చేతిలో ఉందా, ఆంప్లిఫయరు ల్యాబు సొంతమా అరువా, పోయిన ఆరు నెలల్లో ఎంతమంది రోగుల దగ్గర రికార్డింగు తీసుకున్నారు అని అడగాలి. మూడో ప్రశ్నకు జవాబు అంకెల్లో రాకపోతే, సీటు వచ్చినా ఇంకొక ల్యాబు చూసుకోవడం మంచిది.