ఆమ్‌స్టర్‌డామ్, ఆంట్వెర్ప్: యూదుల వజ్రాల పేటల్లో మా యాత్ర

యూదులు వజ్రాల వ్యాపారంలోకి ఎలా వచ్చారో తెలుసుకోవాలని యూరప్ వెళ్లేవాళ్లు సాధారణంగా ముందు బెల్జియంలోని ఆంట్వెర్ప్‌కే టికెట్ తీసుకుంటారు. నన్నడిగితే ఎక్కువ సమయం నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌కే ఇవ్వమంటాను. ఆంట్వెర్ప్‌లో వ్యాపారం ఇప్పటికీ సాగుతోంది గానీ అంతా మూసిన తలుపుల వెనకే. చరిత్ర కళ్లారా చూడాలంటే ఆమ్‌స్టర్‌డామ్‌లోనే.

అక్కడి పాత యూదుల పేటలో మేం మొదట పోర్చుగీస్ సినగాగ్‌కి వెళ్లాం. స్పెయిన్, పోర్చుగల్‌లో మతం పేరిట పెట్టిన హింస తట్టుకోలేక వచ్చేసిన కుటుంబాలవాళ్లు 1675లో కట్టుకున్న ప్రార్థనా మందిరం. పెద్ద హాల్లో ఈనాటికీ కరెంటు దీపాల్లేవు. పెద్ద పెద్ద ఇత్తడి దీపగుచ్ఛాల్లో వెయ్యి దాకా కొవ్వొత్తులు పెడతారు. చెక్క నేలంతా సన్నటి ఇసుక చల్లి ఉంటుంది, నడుస్తుంటే చెప్పుల కింద కరకరమంటుంది. తడీ దుమ్మూ పీల్చుకోవడానికట. మా ఆవిడ అక్కడి బల్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఇదే టికెట్‌తో యూదు మ్యూజియం, 2024లో తెరిచిన హోలోకాస్ట్ మ్యూజియం కూడా చూడొచ్చు. శనివారం మాత్రం సినగాగ్‌లోకి సందర్శకులను రానివ్వరు.

వజ్రాలే ఎందుకు? 1632లో నగర పాలకులు, వృత్తి సంఘాల చేతిలో ఉన్న పనులేవీ యూదులు చేయకూడదని ఆంక్ష పెట్టారు. బట్టల కొట్టు, వడ్రంగం, అన్నీ పోయాయి. వజ్రాలు సానబట్టడం అప్పటికి కొత్త పని, దానికి సంఘమంటూ లేదు. అలా అందులో చేరారు. అప్పట్లో ముడిరాళ్లు వచ్చింది ఎక్కువగా మన గోల్కొండ రాజ్యం నుంచే. 17వ శతాబ్దం చివర్లో లండన్ యూదు వర్తకులు మద్రాసుకు పగడాలు పంపి, బదులుగా వజ్రాలు తెప్పించుకునేవారు. మద్రాసు జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది.

అక్కణ్ణుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో యూలెన్‌బర్గ్ అనే పేట. బోయాస్ సోదరులు 1879లో ఆవిరి యంత్రాలతో పెట్టిన ఫ్యాక్టరీ భవనంలో ఇప్పుడు గాసాన్ కంపెనీ ఉంది. మేం వెళ్లినప్పుడు టూర్ ఫ్రీ. ఇనప చక్రానికి వజ్రపు పొడి, నూనె పూసి, రాయిని దాని మీద ఆనించి, క్షణక్షణానికీ ఎత్తి భూతద్దంలో చూసుకునే సానగాడి పక్కన నిలబడొచ్చు. చివర్లో షోరూమ్‌లోకి తీసుకెళ్తారు, కొనకపోయినా ఎవరూ ఏమీ అనలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది హెన్రి పోలాక్ వీధిలో, వజ్ర కార్మికుల సంఘం కోసం వాస్తుశిల్పి బెర్లాహె 1900లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. యూదులూ వజ్రాలూ అనగానే కోటీశ్వరులే గుర్తొచ్చేవాళ్లు తప్పకుండా దీని ముందు నిలబడాలి. ఆమ్‌స్టర్‌డామ్ యూదుల్లో చాలామంది చక్రం ముందు నడుం వంచిన కూలీలే. 1894లో పోలాక్ నాయకత్వంలో యూదులూ క్రైస్తవులూ కలిసి పెట్టుకున్న ఈ సంఘం, 1911లో ఎనిమిది గంటల పనిదినం సాధించింది. నెదర్లాండ్స్‌లో అది సాధించిన మొదటి కార్మిక సంఘం ఇదే. సానబట్టేటప్పుడు రాయిని పట్టి ఉంచే రాగి కాడలు అరిగిపోతే, వాటిని పోగుచేసి అమ్మిన డబ్బుతో మొదలైన నిధే తర్వాత హిల్వర్సుమ్‌లో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టించింది. పారేసే తుక్కుతో ఆసుపత్రి! ఇది చదివినప్పటి నుంచీ ఆ భవనం చూడాలని నా కోరిక.

గుంటూరువాళ్లకు ఇంకో సంగతి. కొల్లూరు గనిదని చెప్పే కోహినూర్‌ను 1852లో లండన్‌లో మళ్లీ సానబట్టింది ఆమ్‌స్టర్‌డామ్ కోస్టర్ కంపెనీ పనివాడు ఫోర్‌సాంగర్. 38 రోజుల్లో 191 క్యారెట్ల రాయి 106 లోపుకి వచ్చింది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

బస గురించి: కాలువ పక్కన పాత ఇల్లు అని మేం బుక్ చేసుకున్న హోటల్లో లిఫ్ట్ లేదు, నిచ్చెన లాంటి మెట్లు. పెద్దవాళ్లతో వెళ్తే లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి.

ఆంట్వెర్ప్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో గంటంబావు. స్టేషనే ఒక రాజమహల్, దాన్ని ఆనుకునే వజ్రాల పేట. అక్కడి హోవెనియర్స్‌స్ట్రాట్ వీధిలో మెరుపులేమీ ఉండవు, బూడిదరంగు ఆఫీసులు, కెమెరాలు, పోలీసులు. 1981లో ఇక్కడి సినగాగ్ ముందు వాహనంలో పెట్టిన బాంబు పేలి ముగ్గురు చనిపోయారు, ఆ కాపలాకి అదీ ఒక కారణం. వజ్రాల బేరాలు జరిగే బోర్సుల్లోకి మనల్ని పోనివ్వరు. లోపల చేయి కలిపి ‘మజాల్’ అంటే బేరం కుదిరినట్టే. ఇప్పుడు ఆ మాట గుజరాతీలూ అంటారు, వ్యాపారంలో పెద్ద వాటా పాలన్‌పూర్ జైనులదే మరి. కాబట్టి శాకాహారులకు తిండి టెన్షన్ లేదు. యూదుల ఫలాఫెల్ (శనగ వడల్లాంటివి) కొట్లు కూడా బాగున్నాయి. హోటల్ స్టేషన్ దగ్గరే తీసుకోండి, మా గది చిన్నదైనా శుభ్రంగా ఉంది.

శుక్రవారం సాయంత్రం నుంచి పేట మూతపడుతుంది. అందుకే శనివారం మెహెలెన్ ఊళ్లో కజెర్న్ దోసాన్‌కి వెళ్లాం. నాజీలు యూదులను పోగేసి ఉంచిన పాత సైనిక బారకాసు అది. 1942–44 మధ్య 25,000 మందికి పైగా యూదులను అక్కణ్ణుంచే నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌కి రైళ్లలో తరలించారు, వాళ్లలో చాలామంది ఆంట్వెర్ప్ వాళ్లే. మ్యూజియం గోడ నిండా వాళ్ల ఫోటోలు. ఇంగ్లిష్‌లో వివరాలు ఉన్నాయి, సగం రోజు కేటాయించండి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు.