కళ్ళు తెరిచే ఉంచుకోమంటాను: యుద్ధం నుంచి వచ్చినవాళ్ళతో ఏడాదిన్నర వాడిన ఒక బొమ్మల పుస్తకం

మొదటి రోజే పొరపాటు చేశాను. ఆడియో పెట్టబోతూ, "అందరూ ఒక్కసారి కళ్ళు మూసుకోండి" అన్నాను. గదిలో పదకొండు మంది ఆడవాళ్ళు. పది మంది మూసుకున్నారు. పదకొండో ఆవిడ కుర్చీలోంచి లేచి, తలుపు కనిపించేలా గోడకి వీపు ఆనించి నిలబడింది. దుబాసీగా వచ్చే అమ్మాయి ఆవిడతో మాట్లాడి వచ్చి నాకు మెల్లగా చెప్పింది: "బాంబులు పడ్డప్పుడు నేలమాళిగలో కళ్ళు మూసుకునే కూర్చునేవాళ్ళట మేడమ్. ఇప్పుడు మూసుకున్నా అదే చప్పుడు వినిపిస్తుందట." ఆ తర్వాత మళ్ళీ ఆ మాట నా నోట రాలేదు. కళ్ళు తెరిచే ఉంచుకోండి, ఎదురుగా ఏదో ఒక వస్తువు మీద చూపు నిలపండి అంటాను.

నేను నర్సుని. యుద్ధాల నుంచి బయటపడి వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు తలదాచుకునే సెంటర్‌లో పని చేస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన 'డూయింగ్ వాట్ మ్యాటర్స్ ఇన్ టైమ్స్ ఆఫ్ స్ట్రెస్' అనే బొమ్మల పుస్తకాన్నీ, దాంతో వచ్చే ఆడియోనీ ఏడాదిన్నరగా ఇక్కడ వాడుతున్నాను. సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అరబిక్, ఉక్రేనియన్‌తో సహా చాలా భాషల్లో ఉంది. ఇలాంటి పనిలోకి దిగబోతున్న మనవాళ్ళకి పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను.

ముందు ఈ పుస్తకం ఎందుకు అవసరమైందో చెప్పాలి. గత పదేళ్ళలో యుద్ధం చూసిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి, అంటే దాదాపు 22 శాతం మందికి, ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో డిప్రెషన్, ఆందోళన, పీటీఎస్‌డీ (చూసిన ఘోరం పదే పదే కళ్ళముందుకొచ్చే జబ్బు), బైపోలార్ (మనసు పట్టరాని హుషారుకీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే జబ్బు) అన్నీ కలిసి ఉన్నాయి. మిగతా నలుగురు హాయిగా ఉన్నారని దీనర్థం కాదు. నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, పిల్లల మీద అరిచి తర్వాత ఏడుస్తారు. వాళ్ళందరికీ సైకియాట్రిస్టు అక్కర్లేదు, కావాలన్నా అంతమంది సైకియాట్రిస్టులు ఎక్కడా లేరు. అందుకే చదువుకున్న డాక్టరు లేకపోయినా, కొద్దిపాటి శిక్షణ ఉన్న మామూలు మనిషి నడపగలిగేలా 'సెల్ఫ్ హెల్ప్ ప్లస్' అని ఒక గ్రూపు కోర్సు తయారుచేశారు. ఐదు సెషన్లు, ఒక్కోటి సుమారు రెండు గంటలు, ఒక్కో గ్రూపులో ముప్ఫై మంది దాకా కూర్చోవచ్చు. చెప్పాల్సిందంతా ముందే రికార్డు చేసి ఉంటుంది. నేను రివ్యూ చేస్తున్న పుస్తకం ఆ కుటుంబానికి చెందినదే. ఇందులోనూ ఐదు భాగాలే, రోజుకి కొన్ని నిమిషాలు సాధన చేస్తే చాలు.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది, ఎక్కడా "మీకేం జరిగింది?" అని అడగకపోవడం. కొత్తగా వచ్చిన వాలంటీర్లు చాలామంది, మనసులో ఉన్నది కక్కించేస్తే బరువు దిగిపోతుందనుకుంటారు. ఘోరం చూసి వచ్చిన మనిషిని వెంటనే కూర్చోబెట్టి మొత్తం చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలే చెబుతున్నాయి. వాళ్ళు మాట్లాడాలనుకుంటే వినాలి, అంతే. ఇక్కడివాళ్ళు అప్పటికే ఆఫీసుల్లో, ఇంటర్వ్యూల్లో తమ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. ఇంకోసారి చెప్పక్కర్లేదని తెలిసినప్పుడు వాళ్ళ భుజాలు కిందకి దిగడం నేను కళ్ళారా చూశాను.

మొదటి భాగం గ్రౌండింగ్. మనసులో తుఫాను రేగినప్పుడు చేసేది. ఊపిరి నెమ్మదిగా వదలాలి, పాదాలు నేలకి గట్టిగా అదమాలి, చేతులు చాచాలి, ఆ తర్వాత చుట్టూ ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో గమనించాలి. తుఫాను ఆగిపోతుందని పుస్తకం మాట ఇవ్వదు. అది వెళ్ళిపోయేదాకా మనల్ని ఎగరేసుకుపోకుండా నేల పట్టుకుని ఉండమంటుంది. ఆ నిజాయితీ వల్లే జనం దీన్ని నమ్ముతారని నా అభిప్రాయం. "అంతా సర్దుకుంటుంది" అనే మాట వాళ్ళు చాలా విన్నారు.

గోడకి ఆనుకుని నిలబడ్డ ఆవిడ సంగతి చెబుతాను. ఆవిడకి ఊపిరి మీద ధ్యాస పెట్టడం అస్సలు పడలేదు. నెమ్మదిగా పీల్చమంటే ఇంకా ఆయాసం వచ్చేది. నేలమాళిగలో దుమ్ములో ఊపిరాడని రోజులు గుర్తొచ్చి ఉంటాయి, ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. రెండో వారం చెప్పులు విడిచి వట్టి కాళ్ళు గచ్చు మీద పెట్టమన్నాను. గచ్చు చల్లగా ఉంది. ఆవిడ కాలివేళ్ళు ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి. ఎడమ కాలు, కుడి కాలు, మార్చి మార్చి అదుముతూ నాలుగైదు నిమిషాలు కూర్చుంది. చివర్లో దుబాసీతో ఒక్క మాట అంది: "ఈ నేల కదలట్లేదు." ఇప్పుడు నేను ఏ గ్రూపుకైనా పాదాలతోనే మొదలుపెడతాను, ఊపిరి సంగతి తర్వాత. పుస్తకంలో ఉన్న వరుసే ఉండాలని పట్టుపట్టకండి.

రెండో భాగం ఆలోచనల కొక్కేల గురించి. ఒక ఆలోచన కొక్కెంలా తగులుకుని మనల్ని చేస్తున్న పని నుంచి, పక్కనున్న మనుషుల నుంచి లాక్కుపోతుంది. అది తగిలిందని గమనించడం, "ఇదిగో, ఇదొక బాధాకరమైన ఆలోచన" అని పేరు పెట్టడం, తిరిగి చేతిలో పని మీదికి రావడం. ఇది పిల్లల తల్లులకి బాగా పట్టుబడింది. ఒకావిడ పాపకి జడ వేస్తుంటే చెయ్యి మధ్యలో ఆగిపోయేదట. ఇప్పుడు ఆగినప్పుడల్లా పాపే "అమ్మా, కొక్కెం" అంటోందట. పిల్లకి ఎవరు నేర్పారో మరి, మేమైతే నేర్పలేదు.

మూడోది విలువల భాగం. నా దృష్టిలో ఈ పుస్తకంలో సగం బలం ఇక్కడే ఉంది. పేజీలు మాత్రం చకచకా సాగిపోతాయి, ఇంకాస్త చోటు ఇవ్వాల్సింది. కష్టం వచ్చినప్పుడు మూడు దారులంటుంది: అక్కడి నుంచి వెళ్ళిపోవడం; మార్చగలిగింది మార్చి, మార్చలేని బాధని ఒప్పుకుని, మనకి ముఖ్యమైన విలువల ప్రకారం నడుచుకోవడం; లేదా చేతులెత్తేసి ఆ విలువలకి దూరంగా జరిగిపోవడం. ఇల్లు, ఉద్యోగం, ఊరు, ఒక్కోసారి పేరు కూడా పోగొట్టుకున్న మనిషిని "నువ్వు ఎలాంటి మనిషిగా ఉండాలనుకుంటావు?" అని ఎవరూ అడగరు. ఊళ్ళో స్కూలు టీచరుగా చేసిన ఒకాయన ఆ ప్రశ్నకి చాలాసేపు జవాబు చెప్పలేదు. మర్నాడు పొద్దున చూస్తే కారిడార్ చివర నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెబుతున్నాడు.

నాలుగోది దయ. మన మీద మనం దయగా ఉండటం. ఒక చేతిలో దయ నిండి ఉందని ఊహించుకుని ఆ చేతిని గుండె మీదో, నొప్పి ఉన్నచోటో పెట్టుకోమంటుంది. చదివినప్పుడు ఇది నడవదనుకున్నాను. నడిచింది, కానీ అందరికీ కాదు. బతికి బయటపడ్డవాళ్ళలో "వాళ్ళు పోయారు, నేనెందుకు ఉన్నాను" అనే అపరాధ భావం ఉంటుంది. అది లోతుగా ఉన్నవాళ్ళు ఆ చెయ్యి తీసేస్తారు. అలా తీసేసినవాళ్ళని బలవంతపెట్టకండి. పక్కన కూర్చున్న వాళ్ళకి ఏదైనా చిన్న సాయం చేయమనండి, అది చేస్తారు.

ఐదోది చోటివ్వడం. బాధని తోసేయకుండా, దానికి ఒక రంగు, పరిమాణం, చల్లదనమో వేడో ఉన్న వస్తువులా ఊహించుకుని, దాని చుట్టూ ఊపిరికి దారి ఇవ్వడం. చివర్లో పెట్టడం సరైనదే. మొదటి నాలుగూ అలవాటు కాకుండా ఇక్కడికి దూకితే మనిషి కంగారు పడతాడు. ఒంటరిగా గదిలో చదువుకునేవాళ్ళకి ఈ హెచ్చరిక ఇంకా పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుండేది.

ఇది నిజంగా పని చేస్తుందా అంటే, పరీక్షించి చూశారు. ఉగాండాలోని శరణార్థుల నివాసంలో 694 మంది దక్షిణ సూడాన్ ఆడవాళ్ళతో సెల్ఫ్ హెల్ప్ ప్లస్ కోర్సు మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. కోర్సు తీసుకున్నవాళ్ళలో మానసిక బాధ మూడు నెలల తర్వాత కూడా మిగతావాళ్ళకన్నా తక్కువగా ఉంది. యూరప్‌లోని ఐదు దేశాల్లో 459 మంది శరణార్థులతో చేసినప్పుడు మాత్రం, కోర్సు అయిన వెంటనే కనిపించిన తేడా ఆరు నెలలకి మిగల్లేదు. నాకిది ఆశ్చర్యం కలిగించలేదు. మనిషి రోజూ తన ఆశ్రయం కేసు ఏమవుతుందో తెలియని టెన్షన్‌లో బతుకుతుంటే, ఐదు వారాల్లో నేర్చుకున్నది ఎన్నాళ్ళు నిలుస్తుంది?

దీని మీద నాకున్న పెద్ద ఫిర్యాదు పుస్తకం గురించి కాదు, దాన్ని పంచే పద్ధతి గురించి. మా దగ్గరికి వచ్చిన ఒకతను మూడు వారాలుగా నిద్రపోలేదు, ఎవరో తనని పిలుస్తున్నట్టు గొంతులు వినిపిస్తున్నాయి. అంతకుముందు వెళ్ళిన ఒక ఆఫీసులో, డాక్టర్ అపాయింట్‌మెంట్ అడిగితే ఈ పుస్తకం ప్రింటు తీసి చేతిలో పెట్టి పంపేశారు. ఆ కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని తెచ్చాడు. చూసి నాకు కడుపు రగిలిపోయింది. గొంతులు వినిపిస్తున్నవాళ్ళకి, చనిపోవాలనే ఆలోచన ఉన్నవాళ్ళకి, లేచి స్నానం కూడా చేయలేని స్థితిలో ఉన్నవాళ్ళకి ఇది మందు కాదు. వాళ్ళకి డాక్టరు కావాలి, ఆ రోజే. బాధ మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి, ఒక్కొక్కరితో విడిగా ఐదు సెషన్లు నడిపే 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' ఉంది, దానికి పంపొచ్చు.

ఇంకోటి అనువాదం. స్ట్రెస్ అనే మాట చాలామందికి అంటదు. సిరియా నుంచి వచ్చినవాళ్ళు "నా నఫ్స్ అలసిపోయింది" అంటారు, నఫ్స్ అంటే ప్రాణం, మనసు, తాను అన్నీ. మనం "గుండె బరువెక్కింది" అన్నట్టే. దుబాసీతో ముందు రోజే కూర్చుని, అవతలివాళ్ళు వాడే మాట ఏదో కనుక్కుని, దాన్నే పెట్టుకోండి. ఆడియో గొంతు నెమ్మదిగా, దయగా ఉంటుంది కానీ మా దగ్గర కొందరికి మరీ నెమ్మది అనిపించి నిద్రొచ్చింది. నిద్రపోతే లేపకండి. ఎన్ని రోజుల తర్వాత నిద్రపోతున్నారో తెలియదు.

మగవాళ్ళు మొదట్లో ఒక్కరూ రాలేదు. నోటీసు మీద 'మానసిక ఆరోగ్యం' అని ఉన్నందుకేనని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. 'నిద్ర పట్టనివాళ్ళ కోసం' అని మార్చి అంటించాను. ఆ వారం తొమ్మిది మంది వచ్చారు.

ఐదు వారాలు ఒకే చోట ఉంటారనే లెక్క కూడా ఇక్కడ కుదరదు. ఎక్కాలు చెప్పిన ఆ టీచరు మూడో సెషన్ తర్వాత వేరే సెంటర్‌కి మారిపోయాడు. ముందు రోజు రాత్రి చెప్పారట. అందుకే ఇప్పుడు మొదటి రోజే మొత్తం ఆడియో వాళ్ళ ఫోన్లలోకి ఎక్కించేస్తున్నాను. నెట్ లేకుండానే వినిపించేలా, వాళ్ళ భాషలో ఫైలు పేరు పెట్టి. ఫోన్ లేనివాళ్ళకి పాదాల బొమ్మ ఉన్న పేజీ ఒక్కటి ప్రింటు తీసి ఇస్తాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. మీరు మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి: ఆ గదిలో ఎవరికైనా ఇంటివాళ్ళ ఆచూకీ తెలియట్లేదేమో కనుక్కోండి. యుద్ధంలో తప్పిపోయిన కుటుంబాలని వెతికే పని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ చేస్తుంది, వాళ్ళకి వివరాలు ఇప్పించండి. తమ్ముడి కబురు కోసం చూస్తున్న మనిషిని ఊపిరి గమనించమంటే, మనిషి గదిలోనే ఉన్నా చూపు ఫోన్ మీదే ఉంటుంది. ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకోనివ్వండి, సైలెంట్‌లో పెట్టమనకండి. మోగితే ఆడియో ఆపేయండి.