ఉరుగ్వే హెల్‌క్యాట్ కిట్ రివ్యూ, మధ్యలో మా నాన్న అడిగిన ప్రశ్న

ముందే చెప్తున్నా, కంపెనీ పేరు, అమ్మిన షాపు పేరు రాయను, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్రమ్మన్ ఎఫ్6ఎఫ్-5 హెల్‌క్యాట్ అనే పాత అమెరికా నేవీ యుద్ధవిమానం, 48వ వంతు స్కేలు ప్లాస్టిక్ కిట్. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే కొరియర్‌తో కలిపి 4,200 అయింది. హెల్‌క్యాట్ కిట్లు బోలెడు దొరుకుతాయి కానీ ఇది కొన్నది డెకాల్ షీట్ (మోడల్ మీద అతికించే గుర్తుల కాగితం) కోసం, అమెరికా స్టార్లతో పాటు ఓ మూల ఉరుగ్వే నేవీ గుర్తులు కూడా ఇచ్చారు, అవి చూసి ఆగలేకపోయాను.

ఉరుగ్వే అంటే మనకి ఫుట్‌బాలే గుర్తొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మూడేళ్ళ చిల్లరలో 12,275 హెల్‌క్యాట్లు చేసింది, యుద్ధం అయిపోయింది, జెట్లొచ్చాయి, ఇవి కుప్పలుగా మిగిలిపోయాయి. అలా మిగిలినవాటిలో కొన్ని 1950ల మొదట్లో ఉరుగ్వే నేవీకి చేరి 1960ల మొదటి దాకా ఎగిరాయి. పుంటా డెల్ ఎస్తె అనే ఊరి దగ్గర లగూనా డెల్ సౌసె అనే మడుగు పక్కన ఉంది వాళ్ళ నేవీ విమానాల బేస్.

ఇక కిట్ సంగతి. ఇంజిన్ అద్భుతం. 18 సిలిండర్ల డబుల్ వాస్ప్, రెండు వరసలూ విడివిడిగా ఇచ్చారు, సన్నటి బ్రష్‌తో నల్లటి వాష్ (బాగా పలుచన చేసిన రంగు) పోస్తే చాలు, సిలిండర్ల మీది గీత గీతా లేచి కనిపిస్తుంది. బాడీ రెండు ముక్కలూ పుట్టీ అవసరం లేకుండా అతుక్కున్నాయి. రెక్కలు మడిచినట్టు పెట్టుకోవడానికి వేరే ముక్కలున్నాయి, నేను అలాగే పెట్టాను. పైకి లేచే మడత కాదు ఇది, రెక్క మెలితిరిగి పిట్ట ముడుచుకున్నట్టు వెనక్కి వెళ్ళి బాడీని ఆనుకుంటుంది. ఈ విమానం చేసిన గ్రమ్మన్ కంపెనీని పెట్టిన లెరాయ్ గ్రమ్మన్ ఒక చెరిపే రబ్బరుకి పేపర్ క్లిప్పులు గుచ్చి ఈ ఆలోచన తేల్చాడని చెప్తారు. రెక్కలు చాపితే 27 సెంటీమీటర్లుండే నా మోడల్ మడిస్తే పదికి వచ్చేసింది.

డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన మా నాన్న అది చూసి, "ఏట్రా, ఆ ఉరుగ్వే ఆళ్ళకి ఇమానాలు మోసే క్యారియర్ ఓడ ఉందేటి?" అన్నారు. లేదు నాన్నా అన్నాను. "మరి రెక్కలు మడవడం దేనికి?"

నిజమే, అలాంటి ఓడే లేదు. అమెరికా తన ఓడల మీద ఇరుకని చేసుకున్న మడత అది, ఉరుగ్వే నేల మీద హ్యాంగర్లో చోటు కలిసొస్తుందేమో గానీ వాళ్ళు కోరి పెట్టించుకున్నది కాదు. వాడేసినవి తీసుకున్నప్పుడు అవతలివాడి అవసరాలు కూడా మనింటికొస్తాయి. నాన్న కాసేపాగి, "మన పాత విక్రాంత్ కూడా బ్రిటిషోళ్ళు యుద్ధానికని మొదలెట్టి సగంలో వదిలేసిందే కదా" అన్నారు. అవును, హెర్క్యులిస్ పేరుతో మొదలై ఆగిపోయిన ఓడని 1957లో మనం కొని, పూర్తి చేయించి, 1961లో విక్రాంత్ చేసుకున్నాం.

ఇప్పుడు తిట్లు. కాక్‌పిట్ అద్దం నిట్టనిలువునా పగిలి వచ్చింది. అట్టపెట్టెలో విడిగా బబుల్ కవర్ పెట్టాల్సిన ముక్క అది, అన్నిటితో కలిపి పడేశారు. ఫొటోలు తీసి పంపితే రెండు వారాలు జవాబే లేదు, చివరికి నేనే పలుచటి పారదర్శక షీటు వేడి చేసి వంచుకున్నాను, దగ్గరికొచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఉరుగ్వే డెకాల్స్ ఎక్కడ అతికించాలో చిన్న బొమ్మ ఒక్కటే, కుడివైపు సంగతి దేవుడికే తెలియాలి. ఈ కిట్ కొనడానికి కారణమే అది కదా, ఒళ్ళు మండదా?

వైజాగ్‌లో ఉండేవాళ్ళకి ఇంకో మాట. ఈ విమానం రంగు నిగనిగలాడే ముదురు నీలం. నేను ఆగస్టులో, వాన వెలిసిన సాయంత్రం బాల్కనీలో స్ప్రే చేసి పైన మెరుపుకి లాక్కర్ రకం క్లియర్ కోట్ (రంగులేని పూత) కొట్టాను, పావుగంటలో రెక్కంతా పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోయింది. గాల్లో తేమ రంగులోకి చేరితే అంతే. థిన్నర్‌తో తుడిచి మళ్ళీ మొదలు. రెండోసారి ఏసీ గదిలో కొట్టాను, ఇంట్లో వాసనకి చీవాట్లు తిన్నాను గానీ అద్దంలా వచ్చింది. వీలైతే డిసెంబరు దాకా ఆగండి.

ఇంజిన్‌కీ రెక్కలకీ అయిదుకి నాలుగున్నర, ప్యాకింగ్‌కి సున్నా. 3,000 లోపు దొరికితే కళ్ళు మూసుకుని కొనండి, 4,200కి మాత్రం వద్దు. నాన్న దాన్ని షోకేస్‌లో పెట్టారు, రోజూ తుడుస్తున్నారు, నిన్న చూస్తే చక్రం ఒకటి ఊడిపోయి ఉంది, అడిగితే "ల్యాండింగ్ సరిగ్గా అవలేదు" అంటున్నారు.