ద్రాక్ష రైతుతో టస్కనీకి: ఇటలీలో తొమ్మిది రాత్రులు

మా బాపు మేడ్చల్ దగ్గర పాతికేళ్లు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండించాడు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక తోట తీసేశాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా ప్లాట్లే. ఇటలీ ప్రయాణం అనుకున్నప్పుడు మా ఆయన వెనిస్ అన్నాడు, పాప మిలాన్ అంది. ద్రాక్ష కోత రోజుల్లో, వైను తోటలకు పేరున్న టస్కనీ ప్రాంతానికే వెళ్లాలని పట్టుబట్టింది నేను. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోత నడుస్తుంది, మన దసరా సెలవులూ అప్పుడే వస్తాయి. అలా అమ్మ, బాపు, మేమిద్దరం, పన్నెండేళ్ల పాప, మొత్తం ఐదుగురం బయల్దేరాం. రోమ్‌లో రెండు రాత్రులు, పల్లెలో ఐదు, ఫ్లోరెన్స్‌లో రెండు.

రోమ్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ కారు అక్కర్లేదు, తీసుకోవద్దు కూడా. కొలోసియం టికెట్లు పేరు మీద ఇస్తారు, లోపలికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు చూపించాలి, అందుకని పేర్లు సరిగ్గా ఇచ్చి ముందే కొనుక్కోవాలి. మేం చేసిన తప్పు బసలో. రైల్వే స్టేషన్‌కు దగ్గరని ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఫొటోల్లో గదులు బాగున్నాయి కానీ మూడో అంతస్తుకు లిఫ్టు లేదు, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రెండు రోజులూ రోజుకు ఒక్కసారే కిందికి దిగింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది చూడకముందే లిఫ్టు ఉందా అని రాసి అడగండి. పాత ఊళ్లలో చాలా ఇళ్లకు ఉండదు.

మూడో రోజు పొద్దున విమానాశ్రయం దగ్గర కారు తీసుకున్నాం. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి, కౌంటర్‌లో మొదట అడిగింది అదే. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు నడిపేవాళ్ల పేరు మీదే ఉండాలన్నారు. ఐదుగురికీ సామాన్లకూ ఏడు సీట్ల బండి సరిపోయింది, అంతకన్నా చిన్నదైతే ఇబ్బంది పడేవాళ్లం. బండి నడపడం కుడివైపున, మొదటి గంటా మా ఆయనతో ఎవరం మాట్లాడలేదు. ఏ1 హైవే మీద టోల్ గేటు దగ్గర పసుపు గీతల లైను మన ఫాస్టాగ్ లాంటి టెలిపాస్ ఉన్నవాళ్లది, పొరపాటున కూడా అందులోకి దూరవద్దు. నీలం లైను కార్డులకు, తెలుపు నగదుకు. ఎక్కేటప్పుడు చీటీ తీసుకుని దిగేటప్పుడు కట్టాలి. పెట్రోలు బంకులో ‘ఫై దా తె’ అని ఉంటే మనమే పోసుకోవాలి, ‘సెర్వితో’ అంటే వాళ్లు పోస్తారు, లీటరుకు ధర ఎక్కువ. పెట్రోలును అక్కడ ‘బెంజీనా’ అంటారు, ‘గాజోలియో’ అంటే డీజిలు. ఇది పాపకు కూడా బట్టీ పట్టించాం.

కియూజీ దగ్గర హైవే దిగి పియెంజా ఊరి వైపు తిరిగాక దారి మారిపోయింది. వాల్ దోర్చా అనే ఈ లోయ 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అప్పటికే దున్నిన మట్టి కొండలు, వాటి మీద వరసగా సైప్రస్ చెట్లు, కొండ నెత్తిన ఒక్కో ఇల్లు. మేం దిగింది అలాంటి ఒక ఇంట్లోనే. వీటిని అగ్రిటూరిజ్మో అంటారు. పేరుకు పల్లెటూరి హోటల్ అనుకుంటాం గానీ అది కాదు. 1985లోనే దీనికి చట్టం చేశారు: నడిపేది రైతే అయ్యుండాలి, వ్యవసాయమే ముఖ్యమై బస దానికి తోడుగా ఉండాలి. మాకు దొరికింది రెండు పడక గదులు, వంటిల్లు, బట్టలు ఉతికే యంత్రం ఉన్న పాత రాతి ఇల్లు. ఐదుగురికి లెక్కేస్తే రోమ్ బసకన్నా తక్కువే పడింది. అమ్మ రోజూ రాత్రి అన్నం వండేది. నవరాత్రులు కావడంతో ఆవిడ మాంసం ముట్టదు, బయట తిన్నది మధ్యాహ్నాలే.

ఆ మధ్యాహ్నాల్లో అమ్మకు బాగా నచ్చింది ‘పీచి’. చేత్తో తాళ్లలా పేనిన లావు సేమ్యా, టమాటా వేసి పెద్ద వెల్లుల్లితో చేస్తారు. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. మొదటి రోజు అమ్మ మరిచిపోయారనుకుంది. రెండో రోజు నుంచి దానికి మన గోంగూర పచ్చడి రాసుకుంది, సరిగ్గా సరిపోయింది. కోత రోజుల్లో మాత్రమే చేసే ద్రాక్ష రొట్టె ఒకటుంది, ‘స్కియాచ్చాతా కొన్ ల్యూవా’. వైను ద్రాక్షను గింజలతో సహా పిండిలో పెట్టి ఆలివ్ నూనె, చక్కెర వేసి కాలుస్తారు. పాప మూడు రోజులు అదే తింది. జున్ను తినే శాకాహారులకు ఒక మాట: అక్కడి పాత రకం పెకొరీనో, పర్మిజానో జున్నుల్లో పాలు విరవడానికి దూడ, గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అది తెలిశాక అమ్మ పియెంజా జున్ను దుకాణాల్లో వాసన చూసి బయటికొచ్చేసింది. భోజనశాలలు మధ్యాహ్నం రెండున్నరకు వంట ఆపేస్తాయి, మళ్లీ రాత్రి ఏడున్నరకే. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు ‘కొపెర్తో’ అని వేస్తారు. అది రొట్టెకు, బల్లకు, అందరికీ వేసేదే.

పల్లెకు వచ్చిన రెండో రోజు మోంటాల్చినో కొండ కింద వైను చేసే ఒక చిన్న ద్రాక్ష తోటకు వెళ్లాం. వారం ముందు మెయిల్ రాసి సమయం తీసుకున్నాను. మనిషికి ముప్పై యూరోలు. పాపకూ అమ్మకూ డబ్బులు అడగలేదు. ఆ ఇంటి కోడలే వచ్చి తోటంతా తిప్పింది. బాపు అడుగు పెట్టీ పెట్టగానే ఆగిపోయాడు. "గిదేం తోట బిడ్డా? పందిరే లేదు, మొక్కలు నడుము దాక గూడ రాలె" అన్నాడు. మనవైపు రాతి స్తంభాల మీద తీగల పందిరి, నెత్తి మీద గుత్తులు. ఇక్కడ తీగ మీదికి పాకించి నడుము ఎత్తులో ఆపేశారు. నీళ్ల పైపు కూడా కనిపించలేదు. బోరు ఎక్కడని బాపు అడగమంటే అడిగాను. వానే ఆధారమనీ, నీళ్లు పెట్టకపోతేనే వేరు లోతుకు పోతుందనీ ఆవిడ చెప్పింది. బాపు వంగి పలకలు పలకలుగా విరిగే ఆ మట్టిని చేతిలోకి తీసుకుని నలిపాడు.

తర్వాత విన్నదాంతో బాపు ఇంకా కలత పడ్డాడు. వేసవిలో కాయ పచ్చిగా ఉన్నప్పుడే సగం గుత్తులు కోసి నేల మీద పడేస్తారట, మిగిలినవాటికి చిక్కదనం రావడానికి. అక్కడి పేరున్న ఎర్ర వైను బ్రునెల్లో. ఆ పేరు పెట్టుకోవాలంటే హెక్టారుకు 8 టన్నులు దాటకూడదని నిబంధన. అంటే ఎకరానికి మూడు టన్నుల పైచిలుకు. మా తోటలో ఎకరానికి పది టన్నులు తగ్గితే ఇంట్లో దిగులుగా ఉండేది. మనం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం. అక్కడ తీగ చలికి నిద్రపోతుంది, ఆ నిద్రలో ఒక్కసారే కత్తిరింపు. బాపు కత్తెర పట్టుకున్నట్టు వేళ్లు కదిపి, కొమ్మకు చిగురు వేసే కళ్లు ఎన్ని ఉంచుతారని అడిగాడు. ఆవిడ తీగ పట్టుకుని చూపించింది. అక్కడ వాళ్లిద్దరికీ నా అనువాదం అక్కర్లేకపోయింది.

బ్రునెల్లోకు సాంజోవేజే అనే ఒక్క రకం ద్రాక్షే వాడాలి. కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో ఉండాలి. కోసిన ఏడాది తర్వాత ఐదో ఏడాది జనవరి 1కి గానీ అమ్మకూడదు. ఇది విన్న బాపు చాలాసేపు ఏమీ అనలేదు. మా ఇంట్లో సాయంత్రం కోసిన పండు ఆ రాత్రే లారీ ఎక్కి తెల్లారేసరికి అప్పటి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు చేరాల్సి ఉండేది. ఎండకు ఒక్క పూట ఆగినా ధర సగం. చివరికి "మరి అయిదేండ్లు ఏం తింటరు?" అన్నాడు. ఈ ప్రయాణంలో ఎవరడిగిన ప్రశ్నల్లోనూ ఇంత మంచిది లేదు. జవాబు కూడా ఆవిడ అంతే సూటిగా చెప్పింది. అదే ద్రాక్షతో రోసో ది మోంటాల్చినో అనే వైను చేస్తారు, దాన్ని కోసిన మరుసటి ఏడాది సెప్టెంబరులోనే అమ్మవచ్చు. ఆలివ్ నూనె ఉంది. అతిథులకు ఇచ్చే గదులున్నాయి. ఈ మూడింటి మీద ఇల్లు నడిస్తే బ్రునెల్లో నెమ్మదిగా ముదురుతుంది. మేం ఆ రాత్రి అద్దె కట్టిన గదులు కూడా ఎవరివో పీపాలను అలాగే నిలబెడుతున్నాయని అప్పుడు అర్థమైంది.

రుచి చూసే బల్ల దగ్గర నాలుగు గ్లాసులు పెట్టారు, పక్కన ఉమ్మడానికి ఒక పాత్ర. మా ఆయన నడపాలి. ఇటలీలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాలు లీటరుకు 0.5 గ్రాములు దాటకూడదు, మలుపుల కొండ దారిలో అదీ ఎక్కువే. ఆయన ప్రతి గుక్కా పుక్కిలించి ఉమ్మేశాడు. అలా చేసినా ఎవరూ తప్పుగా చూడరు, వైను పనివాళ్లు చేసేదీ అదే. నాకు రోసో నచ్చింది, చెర్రీ పండు వాసన, నాలుక మీద తేలిక. బ్రునెల్లో మొదటి గుక్కకు పచ్చి నేరేడు తిన్నట్టు నోరు పట్టేసింది. పది నిమిషాలు గ్లాసులో ఉన్నాక మెత్తబడింది. కల్లు తప్ప ఏదీ ముట్టని బాపు రెండు గుక్కలు తాగి, గింజ వగరు తెలుస్తోందన్నాడు. పాపకు ఆ పొద్దున పిండిన తాజా ద్రాక్ష రసం ఇచ్చారు.

దీనికి పూర్తి విరుద్ధంగా ఒక పెద్ద వైనరీ అనుభవం, ఫ్లోరెన్స్, సియెనా ఊళ్ల మధ్య ఉన్న కియాంటీ వైను ప్రాంతంలో జరిగింది. రెండు బస్సుల జనంతో కలిపి తిప్పారు, ఇరవై నిమిషాలు వీడియో చూపించారు, తోటలోకి అడుగు పెట్టనివ్వలేదు. గ్లాసు పూర్తి కాకముందే ఆర్డరు ఫారాలు చేతిలో పెట్టారు. డబ్బులు దాదాపు అంతే. బుక్ చేసేటప్పుడు ఎంతమందితో తిప్పుతారో, తోట చూపిస్తారో లేదో అడగండి. కానీ కియాంటీ దారి మాత్రం వదులుకోకండి. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు వెళ్లే ఎస్ఆర్222 పాత రోడ్డు, గ్రేవె ఊళ్లోని మూడు మూలల బజారు, సీసాల మెడ మీద నల్ల కోడిపుంజు గుర్తు. ఆ కోడి కథ పాపకు భలే నచ్చింది. ఫ్లోరెన్స్, సియెనా సరిహద్దు తేల్చుకోవడానికి కోడి కూయగానే చెరో రౌతు బయల్దేరాలన్నారట. ఫ్లోరెన్స్ వాళ్లు నల్లపుంజును పస్తుంచితే అది తెల్లారకముందే కూసిందట, వాళ్ల రౌతు ముందే బయల్దేరి ఎక్కువ నేల గెలిచాడట.

సియెనాలో సాంతా కతెరీనా పార్కింగ్ నుంచి పైకి ఎస్కలేటర్లు ఉన్నాయి, అమ్మ కోసం అక్కడే ఆపాం. గుల్ల ఆకారంలో వాలుగా ఉన్న కాంపో మైదానంలో నేల మీదే కూర్చుని గంట గడిపాం. కథెడ్రల్‌లో పాలరాతి నేల బొమ్మలన్నిటినీ ఏడాదిలో కొన్ని వారాలే, ముఖ్యంగా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, కప్పు తీసి చూపిస్తారు, ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు తప్పకుండా చూడాలి. సాన్ జిమిజానోలో ఒకప్పటి 72 గోపురాల్లో 14 మిగిలాయి. దూరం నుంచి అద్భుతం, లోపల మాత్రం మధ్యాహ్నం భుజాలు రాసుకునేంత జనం. పొద్దున ఎనిమిదికే వెళ్లాల్సింది.

అమ్మకు అన్నిటికన్నా నచ్చిన చోటు బాన్యో విన్యోని. ఊరి నడిమధ్యన బజారు ఉండాల్సిన చోట రాతి గట్లతో వేడినీళ్ల కోనేరు, పొద్దున పొగలు కక్కుతూ. అందులో దిగనివ్వరు. పక్కనే వాలులో పాత మిల్లుల దగ్గరికి పారే కాలువలో కాళ్లు పెట్టుకోవచ్చు, టికెట్టు లేదు. అమ్మ అక్కడ గంటన్నర కూర్చుంది. మర్నాడూ అక్కడికే తీసుకెళ్లమంది, తీసుకెళ్లాం. ఆ రోజు అనుకున్న మోంటెపుల్చానో వైను గుహలు మానుకున్నాం, నాకు విచారం లేదు.

ఫ్లోరెన్స్‌లో కారు అప్పగించేటప్పుడు ఫోన్ చూపిన దారిలో వెళ్లి జెడ్‌టీఎల్‌లోకి దూరాం. పాత ఊళ్లలో స్థానికుల బండ్లకే అనుమతి ఉన్న ప్రాంతం అది. ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు, పైన కెమెరా ఉంటాయి, పోలీసులు కనిపించరు. మూడు నెలలకు అద్దె సంస్థ మా వివరాలు పోలీసులకు ఇచ్చినందుకే కార్డులోంచి రుసుము లాగింది. అసలు జరిమానా ఆ తర్వాత ఇంటికొచ్చింది. ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది, మేం అలాగే కట్టాం. ఈ రుసుము గురించి కౌంటర్‌లో ఒక్క మాట చెప్పలేదని నాకింకా కోపం. కారును ఊరి బయట, విమానాశ్రయం దగ్గర అప్పగించి ట్రామ్‌లో లోపలికి రావడం మేలు. డేవిడ్ శిల్పం ఉన్న అకాడెమియా, ఉఫిజి మ్యూజియంలు రెండూ సోమవారం మూసి ఉంటాయి. ఫొటోల్లో ఎంత చూసినా 5 మీటర్లు దాటిన ఆ పాలరాతి మనిషి ముందు నిలబడటం వేరు.

మన కస్టమ్స్ పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 2 లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోనిస్తుంది, అంటే రెండేసి సీసాలు. బ్రునెల్లో కొనేటప్పుడు సీసా మెడకు నంబరున్న ప్రభుత్వ పట్టీ ఉందో లేదో చూడండి. మేం నాలుగు రోసోలు, రెండు బ్రునెల్లోలు అమ్మ చీరల్లో చుట్టి తెచ్చాం, ఒక్కటీ పగల్లేదు. మళ్లీ వెళ్తే ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్‌లో బరోలో వైను కొండలు చూడాలని మా ఆయన లెక్కలు వేస్తున్నాడు, అక్కడ నెబ్బియోలో ద్రాక్ష అక్టోబరులో కోస్తారు. బాపు మాత్రం అక్టోబరు వద్దంటున్నాడు. ఫిబ్రవరిలో, చలికి తీగ నిద్రపోతున్నప్పుడు వెళ్లాలట. ఎన్ని కళ్లు ఉంచుతారో తన కళ్లతో చూడాలట.