గయుడు లేని యుద్ధం: ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ ఎక్కడ బాగుపడవలసింది

2016 మార్చి 25న విడుదలైన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్: డాన్ ఆఫ్ జస్టిస్’ చిత్రాన్ని నేను మొదటి వారంలోనే నల్లగొండలో తెలుగు డబ్బింగులో చూశాను. ఆట విడిచిన తర్వాత క్లాక్ టవర్ సెంటర్ దాకా నడుస్తూ నేనూ నా మిత్రుడూ గట్టిగా వాదించుకున్నాం. సూపర్‌హీరోల కథను ఇంత గంభీరంగా తీసిన సినిమా మరొకటి లేదని అతని మాట. చేతికందిన కథను దర్శకుడే జారవిడుచుకున్నాడని నా మాట. ప్రేక్షకులు అన్ని చోట్లా ఇలాగే రెండుగా చీలిపోయారు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 87 కోట్ల డాలర్లు వసూలు చేసిన ఈ చిత్రం అమెరికాలో రెండో వారాంతానికే 69 శాతం మేర పడిపోయింది. తర్వాత వచ్చిన 182 నిమిషాల పూర్తి కూర్పును ఇంట్లో రెండుసార్లు చూశాక నా అభిప్రాయం కొంత మెత్తబడిన మాట నిజమే కాని, మారలేదు. ఈ సినిమా బాగుపడడానికి కావలసిన సరుకంతా ఈ సినిమాలోనే ఉంది. దానిని వాడవలసిన చోట వాడలేదు.

ముందుగా బాగున్నదాని గురించి చెప్పాలి. 2013లో వచ్చిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చివర సూపర్‌మ్యాన్, అతని శత్రువు జాడ్ కొట్టుకుంటుంటే మెట్రోపొలిస్ నగరం సగం నేలమట్టమవుతుంది. అంతమంది చనిపోతుంటే కథానాయకుడికి పట్టదా అని అప్పట్లో చాలామంది అడిగారు. దర్శకుడు జాక్ స్నైడర్ ఆ ప్రశ్నను తప్పించుకోకుండా కొత్త సినిమాకు దానినే పునాదిగా వేసుకున్నాడు. అదే పోరాటాన్ని ఈసారి మనం ఆకాశంలో నుంచి కాక, నేల మీద నుంచి, ముసుగు లేని బ్యాట్‌మ్యాన్ అయిన బ్రూస్ వేన్ కళ్లతో చూస్తాం. అతడు కారులో వీధుల వెంట దూసుకుపోతుండగా ఎదురుగా అతని సంస్థ భవనం కూలిపోతుంది. అందరూ దూరంగా పారిపోతుంటే అతడొక్కడే దుమ్ములోకి పరుగెత్తుతాడు. దూలం కింద కాళ్లు నలిగిన ఉద్యోగిని బయటికి తీయిస్తాడు. తల్లిని పోగొట్టుకున్న పాపను హత్తుకుని తలెత్తి ఆకాశం వైపు చూస్తాడు. బెన్ ఆఫ్లెక్ ఆ ఒక్క చూపుతో బ్యాట్‌మ్యాన్ పగకు కారణమంతా చెప్పేశాడు. ఇంత బలమైన ఆరంభం ఉన్న సూపర్‌హీరో సినిమాలను నేను ఎక్కువ చూడలేదు.

ఆ కాళ్లు పోగొట్టుకున్న ఉద్యోగి పేరు వాలెస్ కీఫ్. నా దృష్టిలో ఈ సినిమాకు ప్రాణం అతడే. పెద్దవాళ్లు తమలో తాము తేల్చుకున్న యుద్ధానికి తన శరీరంతో వెల చెల్లించినవాడు అతడు. సూపర్‌మ్యాన్ విగ్రహం ఎక్కి దాని ఛాతీ మీద ‘అబద్ధపు దేవుడు’ అని రంగుతో రాసి జైలు పాలవుతాడు. చివరికి చక్రాల కుర్చీలో, తన గోడు చెప్పుకోవడానికి, వాషింగ్టన్‌లోని చట్టసభ విచారణకు వెళతాడు. ఆ దృశ్యం నల్లగొండ ప్రేక్షకుడికి కొత్తది కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన మనిషిని ఢిల్లీ దాకా మోసుకుపోయి ప్రధానమంత్రికి చూపించిన జిల్లా మాది. అలాంటి శరీరాన్ని అధికారం ముందు నిలబెడితే ఆ గదిలో ఎంత నిశ్శబ్దం అలముకుంటుందో ఊహించుకోగలిగినవాళ్లం కాబట్టి, కీఫ్ కుర్చీ ఆ సభలోకి వచ్చినప్పుడు నేను సీటు అంచుకు జరిగి కూర్చున్నాను. తర్వాత సూపర్‌మ్యాన్ వస్తాడు. ఇక ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకుంటారని ఎదురుచూస్తుండగానే కుర్చీలో దాచిన బాంబు పేలుతుంది. కీఫ్ చనిపోతాడు. సూపర్‌మ్యాన్ ఒక్క మాటా మాట్లాడకుండా మంటల మధ్య నిలబడి ఉంటాడు. సినిమా తనను తాను పోగొట్టుకున్నది అక్కడే.

ఎందుకంటే ఇద్దరు మంచివాళ్లు కొట్టుకునే కథ మనకు కొత్త కాదు. కృష్ణార్జునుల యుద్ధం మన ఊళ్లలో యక్షగానంగా, పద్యనాటకంగా ఎన్ని తరాలు ఆడిందో లెక్క లేదు. గయుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉమ్మిన తాంబూలం, అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిలిలో పడుతుంది. వాణ్ని చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. ఎవరి నుంచి ముప్పో చెప్పకుండానే గయుడు అర్జునుణ్ని శరణు వేడతాడు, అర్జునుడు అభయమిస్తాడు. ఆ తర్వాత ఎదుట నిలిచింది బావ అని తెలిసినా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోడు. అన్నకూ భర్తకూ నడుమ సుభద్ర నలిగిపోతుంది. మా నాన్న చిన్నతనంలో తెల్లవారేదాకా కూర్చుని ఈ ఆట చూసేవాడట. ఏ క్షణంలోనూ ఎవరు తప్పో చెప్పలేకపోవడమే ఆ కథలోని పట్టు అని ఆయన అంటాడు. ఇద్దరి దగ్గరా సమాచారం పూర్తిగా ఉంటుంది, ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి ప్రేమ ఉంటుంది, అయినా యుద్ధం ఆగదు. ఇద్దరూ మాటకు కట్టుబడినవాళ్లు, ఆ మాటలే ఒకదానికొకటి అడ్డు.

స్నైడర్ సినిమాలో యుద్ధం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన కారణంతో జరుగుతుంది. ప్రతినాయకుడు లెక్స్ లూథర్ సూపర్‌మ్యాన్ తల్లిని బంధించి, గంటలోపు బ్యాట్‌మ్యాన్‌ను చంపి రమ్మంటాడు. సూపర్‌మ్యాన్ బ్యాట్‌మ్యాన్ దగ్గరికి వచ్చి సంగతి చెప్పబోతాడు. అంతలో నేలలో అమర్చిన యంత్రాలు మోగుతాయి, తుపాకులు పేలుతాయి. అతనికి కోపం వచ్చి అవతలివాణ్ని విసిరి కొడతాడు. అక్కడి నుంచి సాగే పోరాటమంతా ‘మా అమ్మను వాడు ఎత్తుకుపోయాడు, సాయం చెయ్యి’ అన్న ఒక్క వాక్యం పలకకపోవడం వల్లనే సాగుతుంది. ఒక్క వాక్యంతో ఆగిపోయే గొడవను ఇరవై కోణాల్లో చిత్రీకరించినా ప్రేక్షకుడి గుండె దడదడలాడదు. గోడలు పగులుతుంటే ‘వీడు ఎందుకు చెప్పడు’ అని థియేటర్లో నా వెనక కూర్చున్న పిల్లవాడు వాళ్ల అమ్మను రెండుసార్లు అడిగాడు.

ఈ లోపానికి మందు 182 నిమిషాల కూర్పులోనే దొరుకుతుంది. మామూలు మనుషుల్లో క్లార్క్ కెంట్ పేరుతో బతికే సూపర్‌మ్యాన్ విలేకరిగా గోథమ్ నగరానికి వెళ్లి, బ్యాట్‌మ్యాన్ ఒంటి మీద ముద్ర వేసి జైలుకు పంపిన నేరస్థుడి గురించి వాకబు చేసే సన్నివేశాలు థియేటర్ కూర్పులో లేవు. ఆ ముద్ర పడినవాణ్ని జైల్లో తోటి ఖైదీలు చంపేస్తారు. చనిపోయినవాడి భార్యాబిడ్డలు వీధిలో మిగులుతారు. అలాంటి మనిషిని మాటలు ఆపవనీ, పిడికిలే ఆపుతుందనీ ఆమె క్లార్క్‌తో అంటుంది. ఇక్కడ క్లార్క్ ఆమెకు అభయమిచ్చి ఉంటే కథ నిలబడేది. ‘ఇక ఈ నగరంలో అతడు ఎవరికీ ముద్ర వెయ్యడు, నాది పూచీ’ అని విలేకరిగా కాక, సూపర్‌మ్యాన్‌గా మాట ఇవ్వాలి. అటువైపు బ్రూస్ వేన్ కీఫ్ ఇంటికి వెళ్లాలి. ఉన్న సినిమాలో అతడు కీఫ్‌కు నెలనెలా పరిహారం చెక్కులు పంపుతున్నాననే అనుకుంటాడు, అవి తిరిగివస్తున్న సంగతి ఆలస్యంగా తెలుసుకుంటాడు. దుమ్ములో చూసిన రోజు తర్వాత ఆ మనిషిని మళ్లీ నేరుగా కలవడు. ఆ ఇంట్లో, ఆ కుర్చీ ఎదుట కూర్చుని, ‘వాడు మళ్లీ ఏ ఊరినీ ఇలా చెయ్యకుండా చూస్తాను’ అని బ్రూస్ మాట ఇస్తే, ఇద్దరి వెనకా ఒక్కో గయుడు ఉండేవాడు. లూథర్ అబద్ధాలు ఉన్నా లేకున్నా యుద్ధం తప్పేది కాదు.

విచారణ దృశ్యాన్నయితే నేను పూర్తిగా తిరగరాస్తాను. పేలుడు వద్దనను, మన సినిమాల లెక్కన విశ్రాంతి పడవలసిన చోటు అదే. అయితే దానికి ముందు పది నిమిషాల సంభాషణ జరగాలి. సెనేటర్ ఫించ్ పాత్రలో హోలీ హంటర్ అద్భుతంగా నటించింది. ప్రజాస్వామ్యమంటే అడగడం, జవాబు చెప్పడం అని నమ్మే ఆమె ప్రశ్నలు వేస్తుండగా కీఫ్ నేరుగా సూపర్‌మ్యాన్‌ను అడగాలి: ఆ రోజు నువ్వు కిందికి చూశావా? సూపర్‌మ్యాన్‌గా నటించిన హెన్రీ కావిల్‌కు ఈ సినిమాలో మాటలు బహు తక్కువ. ముఖం మాత్రం చాలా మాట్లాడగలదు. ఆ ప్రశ్నకు అతడు తడబడుతూ అయినా జవాబు చెప్పాలి. క్షమాపణ అడుగుతాడో, తనకు మరో దారి లేకపోయిందని వాదిస్తాడో ఏదైనా సరే, చెప్పాలి. ఈ దృశ్యం మా నాన్నకు చూపించినప్పుడు ఆయన, ‘ముందు వచ్చి ఆ కుర్చీ పక్కన కూర్చోవాలి కదరా’ అన్నాడు. నేనింతసేపు రాసినదానికంటే మంచి దర్శకత్వ సూచన అది. అలా కూర్చున్న క్షణంలో బాంబు పేలితే, పక్కనే ఉండి కూడా కాపాడలేకపోయాననే బాధ అతడికీ, నేను మాట ఇచ్చిన మనిషి వాడి పక్కనే చచ్చిపోయాడనే కోపం బ్రూస్‌కూ మిగిలేవి. సూపర్‌మ్యాన్ చూపు సీసమనే లోహాన్ని దాటలేదు కాబట్టి బాంబును అందులో దాచారన్న సంగతి 182 నిమిషాల కూర్పులోనే స్పష్టమవుతుంది. కీఫ్ గదిలో అప్పుడే కొనితెచ్చిన సరుకులు ఉన్నాయని, అతడు చావడానికి పోలేదని విలేకరి లోయిస్ లేన్ గమనించడం కూడా అక్కడే ఉంది. అంత మంచి వివరాన్ని కత్తిరించి 151 నిమిషాలకు కుదించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక అందరూ ఎక్కువగా తప్పుబట్టిన ‘మార్తా’ ఘట్టం. బ్యాట్‌మ్యాన్ ఈటె ఎత్తి పొడవబోతుండగా సూపర్‌మ్యాన్ తన తల్లి పేరు పలుకుతాడు, అది బ్రూస్ తల్లి పేరు కూడా, అతడు ఆగిపోతాడు. ఉద్దేశం చాలా గొప్పది. సినిమా మొదట్లో బ్రూస్ తండ్రి కూడా చివరి శ్వాసతో ఆ పేరే పలికాడు. ఇప్పుడు హంతకుడి స్థానంలో తానే నిలబడ్డానని బ్రూస్‌కు తెలిసే క్షణం అది. కాని ప్రాణం పోయే వేళ ఏ కొడుకూ తల్లిని పేరు పెట్టి పిలవడు. మన దగ్గరైతే మామూలు వేళ కూడా పిలవడు. అందుకే థియేటర్లో ఏడుపు రావలసిన చోట నవ్వులు వినిపించాయి. అక్కడ ‘అమ్మ’ అన్న మాట ఒక్కటే చాలు. పేరు కలవాలంటే దానికి ముందే దారి వెయ్యాలి. గొప్ప అపరాధ పరిశోధకుడిగా పేరున్న బ్యాట్‌మ్యాన్ ఈ సినిమాలో సూపర్‌మ్యాన్ ఎవరో, ఎక్కడ పెరిగాడో తెలుసుకోవడానికి ఒక్క అడుగూ వెయ్యడు. అతణ్ని కాన్సాస్ పల్లెకు పంపి, ఆ ముసలమ్మ వంటింట్లో కూర్చోబెట్టి, ఆమె చేతి కాఫీ తాగించి, కొడుకు గురించి ఆమె చెప్పేది విననిచ్చి ఉంటే, ఈటె ఆగిన చోట పేరు కాక ఆ వంటిల్లు గుర్తుకొచ్చేది.

మిగతావి త్వరగా చెబుతాను. జెస్సీ ఐసెన్‌బర్గ్ లూథర్‌ను మరీ చంచలంగా నటించాడు. నిదానంగా మాట్లాడే లూథర్ అయితే ఎక్కువ భయపెట్టేవాడు. గాల్ గాడోట్ వండర్ ఉమన్‌గా వచ్చే క్షణం నిజంగా ఒళ్లు పులకరింపజేసింది, అది అలాగే ఉండాలి. ఆమె కంప్యూటర్లో మిగతా వీరుల దృశ్యాలు తెరిచి చూడడం మాత్రం రాబోయే సినిమాల ప్రకటనలా అడ్డుపడింది. జాడ్ శవం నుంచి పుట్టించిన డూమ్స్‌డే రాక్షసుడు అవసరమే లేదు. అతణ్ని ఎదిరిస్తూ సూపర్‌మ్యాన్ చనిపోతాడు, శవపేటిక మీది మట్టి కదలడంతో సినిమా ముగుస్తుంది. రెండో సినిమాకే చంపి, చివరి క్షణంలోనే ఆ చావును రద్దు చేస్తే దుఃఖానికి చోటెక్కడిది? రాక్షసుడు లేకుండా ఇద్దరి పోరాటంతోనే కథ ముగించి, ఇచ్చిన మాటలు రెండూ సగం సగమే నిలిచాయన్న బరువుతో వాళ్లను ఇళ్లకు పంపి ఉంటే సరిపోయేది.

హాన్స్ జిమ్మర్, జంకీ ఎక్స్‌ఎల్ సంగీతం, లారీ ఫాంగ్ ఛాయాగ్రహణం రెండూ ఉన్నతమైనవే. చివరి పోరాటాలన్నీ రాత్రి చీకట్లోనే సాగుతాయి కాబట్టి తెర వెలుగు తక్కువైన చోట సగం పోరాటం కనిపించదు. కొత్తగా చూసేవాళ్లు 182 నిమిషాల కూర్పునే ఎంచుకుని, రాత్రిపూట గదిలో దీపాలు ఆర్పి చూడాలి. మొదటి గంటన్నర ఓపికగా చూడండి. ఉన్నంతలో ఉత్తమమైన భాగం అదే. 2021లో 242 నిమిషాల నిడివితో వచ్చిన ‘జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్’ను కూడా నేను చూశాను. సూపర్‌మ్యాన్ తిరిగి లేచి వస్తాడు, లోకాన్ని కాపాడతాడు. కీఫ్ పేరు మాత్రం అందులో ఎవరూ ఎత్తరు.