చాప పరిచి చూశాకే బేరం: ఓమ్నీ, ఈకో, వింగర్, టెంపో ట్రావెలర్‌లలో ఏది మేలు?

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళమని అందరూ చెప్తారు. ఊళ్ళు తిరుగుతూ రాత్రికి అందులోనే పడుకోవడానికి కొనే వ్యాను అయితే ఒక చాప కూడా చంకలో పెట్టుకెళ్ళండి. వెనక పరిచి, తలుపులన్నీ మూసి, పది నిమిషాలు వెల్లకిలా పడుకోండి. అమ్మేవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. కాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో, లేచి కూర్చుంటే తల ఎక్కడ కొట్టుకుంటుందో, ఎండ వేళ రేకు ఎంత సెగ కొడుతుందో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంజన్ సంగతి మెకానిక్ చూసుకుంటాడు.

చేతిలో మూడు నాలుగు లక్షలుండి, బండీ లోపలి పనీ అందులోనే తేలిపోవాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ డబ్బుకి మన దగ్గర నిజంగా దొరికేవి నాలుగు: మారుతి ఓమ్నీ, మారుతి ఈకో, టాటా వింగర్, టెంపో ట్రావెలర్. మారుతి వెర్సా, టాటా వెంచర్ కూడా అక్కడక్కడా కనిపిస్తాయి. వెర్సా మంచి బండే గానీ 2009లో ఆగిపోయింది, వెంచర్‌కి ఆయుష్షు అంతకంటే తక్కువ. అరకు దారిలో ఆగిపోతే స్పేర్ పార్టులు ఎవడు తెచ్చిస్తాడు? వాటిని పక్కన పెడదాం.

ఓమ్నీ మీద అందరికీ ఒక మమకారం ఉంటుంది. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చింది, తర్వాత ఓమ్నీ అయింది, 2019లో తయారీ ఆగింది. స్కూలు పిల్లలు, కూరగాయలు, పెళ్ళి సామాను, మనం ఎక్కించనిదంటూ లేదు. దాని బలమంతా సులువులో ఉంది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌ని ఏ ఊరి షెడ్డులోనైనా విప్పి బిగిస్తారు, పక్కకి జరిగే తలుపులుంటాయి, ఎంత ఇరుకు సందులోనైనా పడుతుంది. కానీ టేపు పట్టి చూడండి. బయటి వెడల్పే 1410 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగుల ఏడంగుళాలు. రేకుల మందం, లోపలి అతుకులు తీసేస్తే ఇద్దరు పక్కపక్కన పడుకోవడం మొదటి రాత్రి సరదాగా, రెండో రాత్రి గొడవగా ఉంటుంది. ఒంటరిగా తిరిగేవాడు ఐమూలగా సర్దుకోవచ్చు.

ఓమ్నీ గురించి నాకున్న అసలు అభ్యంతరం వేరే. ముందు బంపరుకీ నడిపేవాడి మోకాళ్ళకీ మధ్య రేకు తప్ప చెప్పుకోదగ్గ అడ్డు లేదు. కొత్త భద్రతా నిబంధనలకి తగ్గట్టు దాన్ని మార్చడం కుదరకే తయారీ ఆపేశారు. ఊళ్ళో ముప్పై నలభై వేగంతో తిరిగే బండి వేరు. హైవే మీద లారీల మధ్య, అదీ మంచాలూ నీళ్ళ డబ్బాలూ వెనక వేసుకుని తిరగడం వేరు. దొరికేవాటిలో చాలావరకు పదిహేనేళ్ళకి దగ్గరపడ్డవే, కొన్ని దాటినవి కూడా. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని 2022 ఏప్రిల్‌లో కారుకి 5,000 రూపాయలు చేశారు, దాని ముందు ఫిట్‌నెస్ పరీక్ష. ఇంకో మాట. ఒకప్పుడు చాలా ఓమ్నీలకి గ్యాస్ కిట్లు పెట్టించారు. ఆర్సీలో పెట్రోల్ అని మాత్రమే ఉండి కింద గ్యాస్ ట్యాంకు కనిపిస్తే బేరమే వద్దు. అందులో తలుపులు మూసుకుని నిద్రపోబోయేది మీరే.

ఇక ఈకో. 2010 జనవరిలో వెర్సా స్థానంలో వచ్చింది. పొడవు 3675 మిల్లీమీటర్లు, ఓమ్నీది 3370. అంటే సరిగ్గా ఒక అడుగు ఎక్కువ. కాగితం మీద అది చిన్న తేడా. చాప మీద పడుకుంటే ఆ అడుగే నిద్రకీ జాగారానికీ మధ్య తేడా. ఎత్తులో దాదాపు అరడుగు లాభం, కాబట్టి వంగి కూర్చుని టీ తాగొచ్చు, నిలబడడం మాత్రం కుదరదు. వెడల్పులో లాభం రెండున్నర అంగుళాలే. 2022 దాకా వచ్చినవాటిలో ఉన్న 1196 సీసీ ఇంజన్ 73 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) శక్తి ఇస్తుంది. మారేడుమిల్లి ఘాట్‌లో ముగ్గురితో, సామానుతో ఎక్కడానికి అది చాలు. ఓమ్నీ అయితే రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. రెండింట్లోనూ ఇంజన్ ముందు సీట్ల కిందే. మధ్యాహ్నం రెండు గంటలు నడిపాక సీటు వెచ్చబడుతుంది, ఇది రోగం కాదు, దాని పుట్టుకే అంత.

ఈకోలో ఏది కొనాలన్నది ఇంకో తిరకాసు. అయిదు సీట్ల పెట్రోల్ బండి కొనండి. ఏడు సీట్లది కొంటే వెనక సీట్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఇంట్లో గొడవ. సీఎన్జీ మోడల్‌కి సిలిండర్ వెనక సీటు వెనకాల కూర్చుంటుంది, మన పడక మొత్తం అదే మింగేస్తుంది. కార్గో మోడల్ చవగ్గా, ఖాళీగా, కిటికీలు లేకుండా ఊరిస్తుంది. కానీ అది గూడ్స్ బండి. పసుపు నంబరు బోర్డు, అంటే రవాణా వాహనం, వెనక మనుషులు కూర్చోకూడదు. దాన్ని సొంత బండిగా మార్పించే తిప్పలు మన బడ్జెట్‌కి వద్దు. సంవత్సరం విషయంలో 2019 తర్వాతది దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా సరే, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అప్పటి నుంచే వచ్చాయి. అంతకు ముందు, 2016లో, గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ బళ్ళని గుద్దించి చూసే భద్రతా పరీక్షలో ఎయిర్‌బ్యాగ్ లేని ఈకోకి సున్నా స్టార్లు వచ్చాయి. ఓమ్నీని తిట్టి ఈకోని పొగిడితే న్యాయం కాదు కాబట్టి ఇదీ చెప్తున్నాను.

పెద్ద బళ్ళ దగ్గరికి వస్తే మనసు మారిపోతుంది. ట్రావెలర్ లోపల సగటు మనిషి నిలబడొచ్చు. హై రూఫ్ వింగర్‌లోనూ అంతే. ప్యాంటు నిలబడి వేసుకోవడం ఎంత సుఖమో వారం రోజులు ఈకోలో బతికినవాడినడగండి. ట్రావెలర్ పాత మెర్సిడెస్ వ్యాను నమూనా మీద 1987లో బజాజ్ టెంపో కంపెనీ తెచ్చింది. తర్వాత ఆ కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్ అయింది గానీ మన నోట్లో అది ఇప్పటికీ టెంపోనే. (టెంపో అనేది హాంబర్గ్‌లోని ఒక జర్మన్ కంపెనీ పేరు. అక్కడ వాళ్ళు మరిచిపోయారు, మనం మరవలేదు.) వింగర్ 2007లో వచ్చింది. ఇంజన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది, కింద షాఫ్టు లేదు కాబట్టి ఫ్లోరు కిందికి, చదునుగా ఉంటుంది. పడక వేయడానికి ఇంతకంటే అనువైనది ఈ నాలుగింట్లో లేదు. చిక్కల్లా వెనక బరువు పెరిగితే తడి మట్టిలో ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తిరుగుతాయి గానీ బండి కదలదు. మారేడుమిల్లి లోపలి దారుల్లో వానాకాలం తిరిగే ఉద్దేశం ఉంటే ఆలోచించుకోండి. ఇంకోటి, వింగర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ఎక్కడైనా తుప్పు తింటే అది పైపై టింకరింగ్‌తో పోయేది కాదు. కింద పడుకుని టార్చ్ వేసి చూడాలి.

లైసెన్సు గురించి చాలామందికి భయం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది: 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్, అంటే మామూలు కారు) లైసెన్సుతో నడపొచ్చు. కాబట్టి ట్రావెలర్ నడపడం సమస్య కాదు. అసలు సమస్య దాని కాగితాలు.

మార్కెట్లో చవగ్గా దొరికే ట్రావెలర్లూ వింగర్లూ దాదాపు అన్నీ స్కూలుకో, ట్రావెల్స్‌కో, ఆఫీసు సిబ్బందికో తిరిగిన పసుపు బోర్డు బళ్ళే. వాటికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. సీట్ల లెక్కన ట్యాక్స్ కట్టాలి, మీరు సీట్లు తీసి ఇంటి వెనక పడేసినా సరే. సొంత బండిగా మార్చాలంటే పర్మిట్ సరెండర్ చేసి, లైఫ్ ట్యాక్స్ కట్టి, ఆర్టీఓ ఆఫీసుని ఒప్పించాలి. నాకు తెలిసినాయన ఒకరు స్కూలు ట్రావెలర్ కొని, ముందు లోపల టేకు చెక్క పనంతా చేయించి, తర్వాత కాగితాలకి వెళ్ళారు. అక్కడ మొదట అడిగిన మాట: సీట్లేవి?

ఇది ఆయన తప్పే. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఒకటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. క్యారవాన్‌లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది గానీ అది తయారీదారులకి పనికొచ్చేది, ఆటోనగర్‌లో ప్లైవుడ్ కోయించుకునే మనకి కాదు. ప్రమాదం జరిగితే చెప్పకుండా చేసిన మార్పులు చూపించి ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిమ్‌కి అడ్డం తిరిగే అవకాశం కూడా ఉంది.

అందుకే నా లెక్కలో బడ్జెట్ బండికి మొదటి పరీక్ష ఇది: లోపలి పనంతా ఒక ఆదివారం మధ్యాహ్నం విప్పేసి, మళ్ళీ మామూలు బండిగా చేయగలమా? ఈకోలో చేయగలం. సీట్లు ఎంత వంగితే అంత వంచి, ఎత్తు తేడా ఉన్నచోట చెక్క పెట్టెలు పెట్టి, పైన మడత పలకలు, దాని మీద పరుపు. రేకుకి కొత్త చిల్లు లేదు, వెల్డింగ్ లేదు, పైకప్పు కోయడం లేదు. పెట్టెల్లోనే గిన్నెలు, బట్టలు. సోమవారం అదే బండిలో పిల్లల్ని స్కూల్లో దించొచ్చు. ట్రావెలర్‌లో ఇలా సగం సగం పని చేస్తే అంత పెద్ద బండి ఎందుకు కొన్నట్టు?

వేడి సంగతి అన్నిటికీ ఒకటే. 100 ఏహెచ్ (యాంపియర్ అవర్) లిథియం బ్యాటరీ దాదాపు 12 కిలోలు, 1,280 వాట్ అవర్లు ఇస్తుంది. 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిప్పితే 160 ఖర్చు, హాయిగా సరిపోతుంది. ఒక టన్ను ఏసీ అయితే గంటకి అటూ ఇటుగా ఖతం. కాబట్టి మే నెలలో రాజమండ్రి గట్టున నిద్రపోవాలనే కోరిక మానుకోండి. మన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, లంబసింగి, అరకు వైపు. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టుకునో, పక్కన జెనరేటర్ పెట్టుకునో మాత్రం పడుకోవద్దు. 2024 డిసెంబరులో కేరళ వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు అలాగే చనిపోయారు, జెనరేటర్ నుంచి లోపలికి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల. గ్యాస్ స్టవ్ కూడా తలుపు బయటే.

విజయవాడ చుట్టుపక్కల బండి చూస్తుంటే ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు వేల బళ్ళు నీళ్ళలో నానాయి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదలప్పుడూ అంతే. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, కడగడం మర్చిపోయిన బురద గీత అక్కడ ఉంటుంది. ఇంజన్ సీటు కిందే ఉండే ఓమ్నీ, ఈకోలకి ఇది మరీ ముఖ్యం. అలాగే ఢిల్లీ నుంచి దిగిన చవక డీజిల్ వింగర్ కనిపిస్తే, అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళపై ఆంక్షల వల్లే అది ఇంత దూరం వచ్చిందని గుర్తుపెట్టుకోండి. ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి ట్యాక్స్ కలిపాక అది చవకో కాదో లెక్కేయండి.

ఒక్కరే అయితే, ఊళ్ళ చుట్టూ తిరగడానికే అయితే, కండిషన్ ఉన్న ఓమ్నీ తీసుకోండి, నేనేం అడ్డుచెప్పను. ఆలుమగలిద్దరికీ, లేదా ఒక చిన్న పిల్లతో ముగ్గురికీ 2019 తర్వాతి అయిదు సీట్ల ఈకో. నలుగురు, అందులో ఎదిగిన పిల్లలుంటే వింగర్ హై రూఫ్, అదీ ఇప్పటికే సొంత బండిగా తెల్ల బోర్డు మీద ఉన్నది దొరికితేనే. అలాంటివి అరుదు, ఆరు నెలలు వెతకాల్సి వస్తుంది. ఆ ఆరు నెలలు ఆగలేక పసుపు బోర్డు ట్రావెలర్ వైపు చూపు మళ్ళిందా, చాపతో పాటు ఆర్సీ జిరాక్సు పట్టుకుని ముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళి రండి, అడ్వాన్సు ఆ తర్వాత ఇద్దురు గాని.