పటమటలో మా స్నానాలగదికి తేమను బట్టి తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను: ఏడాది వాడిన తరువాత

బెజవాడ పటమటలోని మా ఫ్లాటులో రెండవ స్నానాలగదికి ఎండ తగలదు. ఉన్న ఒక్క వెంటిలేటరు కూడా డక్టులోకే తెరుచుకుంటుంది. ముగ్గురు వరుసగా వేన్నీళ్ల స్నానం చేసిన రోజున అద్దం మీది ఆవిరి మధ్యాహ్నానికి గాని ఆరేది కాదు, సీలింగు మూలల్లో పుట్టీ పొక్కి నల్లగా బూజు పట్టేది. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండనే ఉంది గాని, మా ఇంట్లో దాన్ని వేసినవారు ఆపరు, ఆపినవారు మళ్లీ వేయరు. అందుకే దాని స్థానంలో గాలిలోని తేమను తానే కనిపెట్టి తిరిగే నాలుగంగుళాల, 15 వాట్ల ఫ్యాను తెప్పించాము. ధర మామూలు దానికి దాదాపు మూడు రెట్లు.

కొనే ముందు ఎవరూ చెప్పని విషయం వైరింగుకు సంబంధించినది. మన ఇళ్లలో ఫ్యాను పాయింటుకు సాధారణంగా రెండే వైర్లు వస్తాయి: స్విచ్చి దాటి వచ్చే ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. ఈ ఫ్యానులో మాత్రం ఎల్, ఎన్, టీ అని మూడు బిగింపులు ఉన్నాయి. ఎల్‌కు స్విచ్చితో నిమిత్తం లేకుండా ఎప్పుడూ కరెంటు ఉండే ఫేజు, ఎన్‌కు న్యూట్రల్, టీకి స్విచ్చి ద్వారా వచ్చే ఫేజు కలపాలి. తేమను కొలిచే సెన్సారు ఎల్ మీదే బతుకుతుంది కాబట్టి, ఆ కరెంటు పోతే అది కళ్లు మూసుకున్నట్టే. మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ పాత రెండు వైర్లతోనే పని ముగించి, ఎల్‌ను, టీని చిన్న వైరు ముక్కతో కలిపి వెళ్లిపోయాడు. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది, ఆపితే ఆగింది. అంటే మూడు రెట్లు డబ్బు పోసి మళ్లీ మామూలు ఫ్యానునే తెచ్చుకున్నామన్నమాట.

రెండవసారి వచ్చిన అతను పెట్టెలోని కాగితాన్ని మొదట చదివాడు, నాకు అక్కడే గురి కుదిరింది. గోడలోని పైపులోకి స్ప్రింగు పంపి స్విచ్ బోర్డు నుంచి మరొక 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగాడు. నిరంతర ఫేజు, స్విచ్చి ఫేజు, న్యూట్రల్ మూడింటినీ ఒకే సర్క్యూట్ నుంచి తీసుకున్నాడు. గీజరు పాయింటు దగ్గరగా ఉంది కదా, న్యూట్రల్ అక్కడి నుంచి తీసుకోవచ్చు కదా అని నేనే అడిగాను. మా ఇంట్లో గీజర్లకు వేరే ఆర్‌సీసీబీ ఉంది, అంటే వెళ్లిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు తేడా వస్తే సరఫరా ఆపేసే రక్షణ పరికరం. ఒక ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు మరొక దాని గుండా తిరిగి వస్తే రెండింటికీ లెక్క తప్పుతుందని, 30 మిల్లీయాంపుల తేడాకే పడిపోయేలా తయారైన ఆ పరికరాలు ఫ్యాను తిరిగినప్పుడల్లా పడిపోతూ ఉంటాయని అతను ఓపికగా వివరించాడు. పని గంటన్నరలో పూర్తయింది.

ఇక వాడకం. మొదటి నెల బాగానే గడిచింది, శ్రావణం వచ్చేసరికి ఫ్యాను ఆగడం మానేసింది. తెల్లవారుజామున ఎవరూ లేని గదిలో అది గిర్రున తిరగడం చూసి మా అమ్మగారు కంగారుపడ్డారు కూడా. తప్పు ఫ్యానుది కాదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది తేమ 65 శాతం దాటితే తిరిగేలా అమర్చి ఉంది. వానాకాలంలో బెజవాడ బయటి గాలిలోనే అంతకంటే ఎక్కువ తేమ ఉంటుంది. లోపలి గాలిని బయటికి తోసి, తలుపు సందులోంచి వచ్చే గాలితో గదిని నింపడమే ఫ్యాను చేయగల పని కాబట్టి, ఎంతసేపు తిరిగినా ఆ గాలి కంటే గదిని పొడిగా చేయలేదు. పైగా సెన్సారు కొలిచేది సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి ఇముడ్చుకోగల ఆవిరిలో ఎంత శాతం ఇప్పుడు ఉందన్నది. గాలి చల్లబడే కొద్దీ ఆవిరిని ఇముడ్చుకునే శక్తి తగ్గుతుంది గనుక, కొత్తగా ఒక్క చుక్క తడి చేరకపోయినా వేకువవేళకు శాతం పెరుగుతుంది. మూత తీసి, లోపలి చిన్న మరను స్క్రూడ్రైవరుతో 85 దగ్గరికి తిప్పాక గొడవ సర్దుకుంది. వేన్నీళ్ల స్నానానికి ఎలాగూ గది ఆ హద్దు దాటుతుంది, ఇరవై నిమిషాల్లో దిగివస్తుంది. చలికాలంలో 75కు తగ్గించాను. రోజంతా తిరిగినా 15 వాట్ల ఫ్యానుకు అయ్యేది 0.36 యూనిటే కాబట్టి బిల్లుకు భయం లేదు, రాత్రిపూట ఆ రొద వినడమే విసుగు.

మా గది 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు, అంటే సుమారు 10 ఘనమీటర్లు. గంటకు 90 ఘనమీటర్లు తోడుతుందని పెట్టె మీద ఉన్న ఈ ఫ్యాను లెక్క ప్రకారం ఏడు నిమిషాలలోపే గదిలోని గాలిని ఒకసారి మార్చాలి. తలుపు కింద అర అంగుళం సందు ఉన్నందువల్లనే అది సాధ్యమవుతోంది. రబ్బరు పట్టీ బిగించిన తలుపైతే గాలి వచ్చే దారి లేక ఫ్యాను ఊరికే మూలుగుతుంది. అద్దం ఇప్పుడు పావుగంటలో ఆరుతోంది, గీకి రంగు వేసిన మూలల్లో ఏడాదిగా బూజు మళ్లీ రాలేదు. బయటి గాలి లోపలికి రాకుండా ఫ్యాను వెనుక మూసుకునే రెక్కలు గాలివానకు టపటపమని కొట్టుకోవడం ఒక్కటే నాకు నచ్చనిది. ఐదింటికి నాలుగు చుక్కలు ఇస్తాను.

సెన్సారు మీద దుమ్ము పేరుకుంటే కొలత మొద్దుబారుతుందని రెండు నెలలకొకసారి మూత తీసి పొడి బ్రష్షుతో తుడుస్తున్నాను. స్విచ్చి ఆపినా ఎల్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి, ముందుగా ఆ సర్క్యూట్ ఎంసీబీని (కరెంటు సరఫరాను ఆపే బోర్డులోని మీటను) దించి, టెస్టరుతో చూసుకున్న తరువాతే మూత మీద చెయ్యి వేస్తాను.